ట్రస్టు ఫారంలో అవ్వ చెప్పిన పేరు

ఫ్లాటు మాది, దాని కింద ఉన్న నేల మాత్రం మాది కాదు. బాపు రిటైరయ్యాక కరీంనగర్‌లో కొన్న ఆ మూడో అంతస్తు ఫ్లాటును ఒక ధర్మ ట్రస్టు స్థలంలో కట్టారు. తొంభై తొమ్మిదేళ్ల లీజు. బాపు ఉన్నన్ని రోజులూ ఆ లీజు సంగతి మాకు గుర్తుకొచ్చిందే లేదు. గోడకు మేకు కొట్టేటప్పుడు కింద నేల ఎవరిదని ఎవరైనా ఆలోచిస్తారా?

అమ్మాల్సి వచ్చినప్పుడు తెలిసింది. బాపు పోయిన రెండేళ్లకు అవ్వ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని అంటాం. ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు. ఆస్పత్రికని కిందికి దిగితే, తిరిగి పైకి ఎక్కేసరికి ఆమె తల ప్రాణం తోకకు వచ్చేది. రెండో అంతస్తు మలుపులో కూలబడి, "నన్ను కిందికి దించు బిడ్డా, ఇగ నాతోని గాదు" అని ఒకరోజు చిన్నపిల్లలా ఏడ్చింది. నేనుండే ఇంటి వెనక వీధిలో, ఒక్క మెట్టు కూడా లేని రెండు గదుల ఇల్లు చూసి పెట్టాను. ఫ్లాటు అమ్మితేనే అది కొనగలం.

కొనేవాళ్లు తొందరగానే దొరికారు. ఆయన మస్కట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చిన సుల్తానాబాద్ మనిషి. భార్యాభర్తలిద్దరూ మర్యాదస్తులు. బ్యాంకు లోను కూడా మంజూరైంది. అయితే నేల ట్రస్టుది కాబట్టి, ట్రస్టు నుంచి వివరాల పత్రం కావాలని బ్యాంకు మెలిక పెట్టింది. ఫ్లాటు ఎవరి పేరున ఉంది, వారసులెవరు, గోడలేమైనా కూలగొట్టారా, ఇంకెవరికైనా హక్కు ఉందా, ఇవన్నీ ట్రస్టు రాసి ముద్ర వేసి ఇవ్వాలి. నెలాఖరు దాటితే లోను సంగతి మళ్లీ మొదటికొస్తుంది.

ట్రస్టు ఆఫీసంటే పాత సత్రంలో ఒక గది. వారానికి రెండు రోజులు తెరుస్తారు. అరవై దాటిన గుమస్తా ఒక్కడే ఉంటాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడుసార్లు తిరిగాక ఆయన మీద అరిచేశాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. "అమ్మేటామె స్వయంగ రావాలె బిడ్డా. నేను అడుగుత, ఆమె చెప్తది, నేను బుక్కుల రాసుకుంట. బుక్కుల ఉన్నదే ఫారంల ఎక్కుతది. మా తాన గదే పద్ధతి" అన్నాడు. లావుపాటి జవాబుల పుస్తకం తీసి చూపించాడు. అన్నీ సిరా రాతలే, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

అది చూసి నాకు భయం పట్టుకుంది. కారణం బాపు పేరు.

మా బాపుకు రెండు పేర్లు. మంథని దగ్గరి పల్లెలో వాళ్ల అమ్మా నాన్నా పెట్టింది ఒకటి. బొగ్గు గనిలో, మా మాటలో బొగ్గుబాయిలో, ముప్పై మూడేళ్లు హాజరు వేయించుకున్నది ఇంకొకటి. ఆ రెండో పేరు నిజానికి బాపుకు వరుసకు అన్న అయ్యే ఆయనది. బాయిలో ఉద్యోగం వచ్చింది ఆయనకే. మొదటి రోజు లోపలికి దిగి, ఆ చీకటి చూసి, సగం షిఫ్టులోనే పైకొచ్చి, "నేను సచ్చినా మల్ల దిగ" అని ఆదిలాబాద్‌లోని మేనమామ ఇంటికి పారిపోయాడు. మర్నాడు ఆయన కాగితం పట్టుకుని బాపు దిగాడు. అంతే, ఇక ఆ పేరులోంచి బయటికి రాలేకపోయాడు. బొగ్గుబాయి కాలనీల్లో ఇలాంటివాళ్లు క్వార్టర్ల లైనుకు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. మారుపేరు మీద చేస్తున్నాడు అనేవారు. అందరికీ తెలుసు, ఎవరూ బయట అనేవారు కాదు.

నా సర్టిఫికెట్లలో తండ్రి పేరు అదే. ఫ్లాటు కాగితాల్లోనూ అదే. చివరికి మున్సిపాలిటీ వాళ్లిచ్చిన మరణ ధ్రువపత్రంలోనూ అదే. అసలు పేరుతో బాపును పిలిచేది మా నాయనమ్మ ఒక్కతే. చిన్నప్పుడు అది ముద్దుపేరనుకున్నాను. బడిలో ఒకసారి నోరు జారి ఆ పేరు చెప్తే, అవ్వ నా వీపు విమానం మోత మోగించింది. "బాపు నౌకరి పోతె ఏం తింటవే?" అని కొట్టింది, కొట్టి తనే ఏడ్చింది.

ఆదిలాబాద్ పారిపోయిన ఆ పెద్దబాపు పెళ్లి చేసుకోలేదు. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోస్తూ బతికాడు. ఆయన చనిపోయాడని ఫోనొచ్చినప్పుడు బాపు, "నేను సచ్చిపోయిన్నట, జర చాయ్ పోయి" అని అవ్వతో నవ్వుతూ అన్నాడు. చాయ్ తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. రేషను దుకాణంలోనో ఆస్పత్రిలోనో అడిగితే పక్కవాళ్లను చెప్పమంటారు. మా అవ్వ మాత్రం ఎక్కడ అడిగినా గడగడా చెప్పేసేది. కాలనీ ఆడవాళ్లు, "నీకు జరంత సుత సిగ్గు లేదేందే" అని ఆట పట్టించేవారు. అవ్వ ఇంటికొచ్చి నవ్వేది. అది ఆయన పేరు కాదుగా, ఆమెకేం సిగ్గు! అసలు పేరు ఆమె నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. నాయనమ్మ పోయాక ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు.

గుమస్తా రమ్మన్న రోజు అవ్వను మెల్లగా కిందికి దించి ఆటో ఎక్కించాను. దారిలో రెండుసార్లు అడిగాను, "పేరడిగితె ఏం చెప్తవ్ అవ్వా?" అని. బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు కాగితం పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది. "ఎందుకే గంత ఫికర్? గిన్నేండ్లు చెప్పలేదా నేను?" అని నన్నే కసిరింది.

ఆఫీసులో మొదట అంతా సాఫీగా జరిగింది. లీజుదారు పేరు అడిగాడు, చెప్పింది. చనిపోయింది ఎప్పుడని అడిగాడు, చెప్పింది. వారసులెవరంటే తన పేరు, నా పేరు చెప్పింది. గోడలేమీ కూలగొట్టలేదని చెప్పింది. గుమస్తా అద్దాలు సర్దుకుని ఇంకో ప్రశ్న చదివాడు.

"గీ ఇంట్ల ఇంకెవలకన్న హక్కున్నదా అవ్వా?"

అవ్వ కిటికీలోంచి బయటికి చూసింది. ఆ తర్వాత, "ఉన్నది" అంది. "ఊపిరితిత్తులల్ల బొగ్గు నింపుకొని కొన్నడు గీ ఇల్లు. ఆయనకు లేకుంటె ఇంకెవలకున్నది?" అంది. అని ఆ పేరు చెప్పింది. ఇంటిపేరు కలిపి, మెల్లగా, తప్పు లేకుండా. కొత్త పెళ్లికూతురిలా తల దించుకుంది.

నేను ఆపలేదు. ఆపాల్సింది. పక్కనే కూర్చుని ఉన్నాను, ఒక్క మాట అడ్డం వేస్తే సరిపోయేది. కానీ నాయనమ్మ పోయిన ఇన్నేళ్ల తర్వాత ఆ పేరు చెవిన పడేసరికి, బాపే తలుపు తోసుకుని లోపలికొచ్చినట్టయింది నాకు. నేను తేరుకునేలోగా గుమస్తా రాసేశాడు. సిరా ఆరిపోయింది.

"గీయన ఎవలవ్వా?" అని అడిగాడు.

అప్పుడు అర్థమైంది ఆమెకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. గుమస్తా మా ఇద్దరినీ చూసి పెన్ను కింద పెట్టాడు. ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు. "మా చిన్నాయిన సుత గట్లనే చేసిండు బిడ్డా బాయిల. నాకు తెల్వక గాదు. గాని బుక్కుల ఎక్కినంక కొట్టేసే అధికారం నాకు లేదు. గీ పేరు ఫారంల పోతె బ్యాంకోళ్లు ఒప్పుకోరు. గీయనకు ఏం సంబంధం లేదని అమ్మతోని అఫిడవిట్ రాయించుక రా" అన్నాడు.

తెలిసిన వకీలును అడిగాను. నిజం చెప్పేస్తే ఏమవుతుందన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. నిజం చెప్తే అవ్వ పెన్షను ఆగుతుంది, ఫ్లాటు కాగితం చెల్లదు, అసలు ఆమె ఎవరి భార్యో తేలడానికే కోర్టులో ఏళ్లు పడుతుందన్నాడు. నెలాఖరుకు ఆరు రోజులున్నాయి. అవ్వ మోకాళ్లు రోజురోజుకూ బిగుసుకుపోతున్నాయి.

అఫిడవిట్ నేనే రాశాను. తెలుగు టీచర్ని, వేరేవాళ్లతో రాయించడం ఎందుకనుకున్నాను. నా జీవితంలో నేను రాసిన వాటిలో అంత తప్పుల్లేని తెలుగు ఇంకొకటి లేదేమో. రాసిన చేతిని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

నోటరీ దగ్గర అవ్వ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు సంతకం వచ్చు, చదవడం రాదు. "ఏం రాసినవో సదువు బిడ్డా" అంది. గబగబా చదివేశాను. ఆమె వదల్లేదు. "ఆఖరుది మల్లొకపారి సదువు."

చదివాను. "పై పేరు గల వ్యక్తి ఎవరో నాకు తెలియదు. నా భర్తకు గానీ, నాకు గానీ, ఈ ఫ్లాటుకు గానీ అతనితో ఏ సంబంధమూ లేదు. వృద్ధాప్యం వలన పొరపాటున చెప్పినాను."

"గంతేనా?" అంది అవ్వ.

"గంతే."

సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి నాకిచ్చింది.

ట్రస్టు ముద్ర పడింది, బ్యాంకు ఒప్పుకుంది, రిజిస్ట్రేషన్ అయిపోయింది. తాళాలు ఇచ్చే రోజు అవ్వ ఆ మెట్లు చివరిసారి ఎక్కింది. వద్దన్నా వినలేదు. కొన్నాయన తలుపు పక్కనున్న, కాగితం పేరే చెక్కిన ఇత్తడి నేమ్‌ప్లేటును జాగ్రత్తగా విప్పి, రుమాలుతో తుడిచి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. "పెద్దాయన పేరు, మీ తాన ఉండాలె అమ్మా" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే ఇచ్చాడు. అవ్వ దాన్ని తీసుకుని కళ్లకద్దుకుంది. ఎదుటి మనిషి మర్యాద పోగొట్టడం ఆమెకు చేతకాదు.

ఆటోలో దాన్ని ఒళ్లో బోర్లించి పెట్టుకుంది. ప్రతిమ చౌరస్తా దాటాక, నేను ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పు నాదే అవ్వా, నేనే గట్ల రాసిన" అన్నాను.

"నీ రాతదేమున్నది బిడ్డా" అంది. "ఆయన ఉన్నప్పుడు ఒక్కపారన్న పేరు పెట్టి పిలువకపోతిని. పిలిస్తె పలుకుతుండె గదా."