ఆఖరి డబ్బా

మా నాన్న రమణబాబు బిలాస్‌పూర్‌లో గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యాక మళ్లీ కెమెరా పట్టాడు. ఎండాకాలం అచానక్‌మార్ అడవికి వెళ్లి, నీటిగుంట దగ్గరకొచ్చే దుప్పుల మందల్ని ఫొటోలు తీసేవాడు. వాటిని కంప్యూటర్లో సరిచేసే పని నాది.

ఓసారి మందంతా నీళ్లు తాగుతున్న ఫొటోలో, బాగా వెనకబడి కుంటుతూ వస్తున్న దుప్పిని కత్తిరించేశాను. ఫొటో నిండుగా కుదిరింది. నాన్నకి మాత్రం ఒళ్లు మండింది.

"దాన్నెందుకు కోసీసినావే?"

"అదొక్కటే దూరంగా ఉంది నాన్నా. మధ్యలో అంతా ఖాళీ."

"అయితే ఏటి? ఆఖరి డబ్బా కళ్లబడకుండా బండి పూర్తిగా వచ్చిందని ఏ స్టేషన్లోనైనా ఒప్పుకుంటారా? ముందు దాన్ని మళ్లీ పెట్టు."

గొణుక్కుంటూనే పెట్టాను.

నాన్న పోయాక పాత ఫొటోలు సర్దుతుంటే, చిన్నప్పుడు మా రైల్వే క్వార్టర్ ముందు నాన్న తీసింది దొరికింది. పిల్లలం ముగ్గురం ఓ అంచుకి అతుక్కుపోయి ఉన్నాం. మమ్మల్ని మధ్యలో పెట్టలేదని అప్పట్లో నాన్నతో ఎంత పోట్లాడానో. మా పక్కనంతా ఖాళీ వాకిలి. ఆ వాకిలి చివర, వంటింటి గుమ్మం దిగి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ అమ్మ ఇంకా వస్తూనే ఉంది.