ఎవరూ చూడక్కర్లేని గొర్రె

నా భార్యకు కిడ్నీలు రెండూ పాడయ్యాక రోజు విడిచి రోజు సీతమ్మధార ఆసుపత్రికి వెళ్లడమే మా బతుకైపోయింది. యంత్రం ఆమె రక్తాన్ని కడిగి తిరిగి ఒంట్లోకి ఎక్కించేదాకా నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసే రోజుల్లో పద్మనాభం దగ్గర చిన్న జీడితోట కొన్నాం, ఇప్పుడు అక్కడే ఉంటున్నాం. అందులో నాలుగు గొర్రెలు పెంచాలని ఆమె ముచ్చట. మేం ఆసుపత్రిలో ఉన్న రోజు వాటినెవరు చూస్తారు? అందుకే ఎవరూ చూడక్కర్లేని గొర్రెల కోసం వెతికాను.

ఉన్ని రకం వద్దనుకున్నాను, కత్తిరించాలి. పెద్ద జాతి వద్దు, మేత చాలదు. వానాకాలం బురదలో గిట్టలు కుళ్లకూడదు, ఈనేటప్పుడు మనిషి సాయం అవసరం పడకూడదు. సంతలో అమ్మేవాడికి ఇదంతా చెబుతుంటే తోడొచ్చిన పక్కపొలం రైతు పగలబడి నవ్వాడు.

"బావా, నువ్వడుగుతన్నది గొర్రినా, బొమ్మనా? అలాటి గొర్రుంటే నాను పొద్దున్నే లెగాలేటి?"

చివరికి పొట్టి వెంట్రుకల నాటు రకం తెచ్చాం. మూడు ఆడవి, ఒక పొట్టేలు. అవి తొట్టిలో నీళ్లు తాగుతుంటే ఆమె కుర్చీ వేసుకుని చూసేది. ఆమె మాత్రం రోజు మొత్తంలో తాగడానికి వీలున్న నీళ్లు ఒక చిన్న సీసాలో కొలిచి ఉంటాయి.

"ఎంత తాగుతున్నాయో చూడండి" అనేది.

ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆ రైతు మా పొట్టేలును ఈడ్చుకొచ్చాడు. కంచె దూరి అతని వరిలో పడింది.

"దీన్ని అమ్మోరికి మొక్కేసి వదిలేయ్ బావా. మెడకో పసుపు గుడ్డ కట్టు. ఊరంతా మేపుతాది, ఎవుడూ సెయ్యెయ్యడు. నువ్వడిగిన గొర్రి అదే కదేటి! అక్కకీ మంచి జరుగుతాది."

నాకు ఒళ్లు మండింది. "అమ్మవారి పండక్కి కోయడానికేగా ఆ మేపడం! నెత్తురడిగే దేవత రోగం తగ్గిస్తుందా? మొక్కులతో కిడ్నీలు బాగైతే ఆసుపత్రులెందుకు?" హేతువాద సభల్లో నేను ఈ మాటలంటే చప్పట్లు పడేవి. అతను తల గోక్కున్నాడు.

"నేను మొక్కుకుంటాను" అంది నా భార్య. "మీరు నమ్మక్కర్లేదండీ. ఇంకో దారేదైనా ఉంటే చెప్పండి, అదే చేద్దాం."

లేదు. కిడ్నీ మార్పిడిని ఆమె గుండె తట్టుకోలేదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. నా వాదంలో తప్పు లేదు. ఏ అమ్మవారూ ఆమెను బాగుచేయదు. కానీ ఆమె అడిగింది అది కాదు, ఇంకో దారి ఉందా అని. ఆమె అడిగినదానికి నా దగ్గరున్న పుస్తకాలన్నిట్లో ఒక్క ముక్క కూడా లేదు.

పొట్టేలు గింజుకుంటోంది. ఆసుపత్రిలో రక్తం కడగడానికి సూదులు గుచ్చే ఆమె చేతికి దెబ్బ తగలకూడదు. నేనే వంగి దాని తలను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను. ఆమె పసుపు గుడ్డ ముడివేసి కళ్లు మూసుకుంది.

ఇప్పుడది ఊరి మీద తిరుగుతోంది. ఆగిన ప్రతి గుమ్మంలోనూ దానికి పిడికెడు గింజలు పెడుతున్నారు. నున్నగా బలిసింది. ఈమె చిక్కిపోతోంది.

నిన్న ఆసుపత్రికి వెళ్తూ ఆటోలో అడిగింది, "పండగదాకా ఉంటానంటారా?"

"ఉంటావు" అన్నాను, ఆధారమేమీ లేకుండానే.