చిరుతపులి రాని రోజు

పెద్ద కరువు దాటిన ఏడు, క్రిస్మస్ సెలవుల్లో మా మనవడికి రెండేళ్లు నిండాయి. కరువు మాకు మిగిల్చిన బిడ్డ వాడొక్కడే. నేనూ మా ఆవిడా ఆత్మకూరు నుంచి బండి కట్టుకుని, కొయ్యగరిటెలు చెక్కే ఉదయగిరి వెళ్లి, వాడికో గరిటె కొనిచ్చి కొండెక్కాం. అక్కడ చిరుతపులి నోట్లోంచి వాణ్ణి లాక్కొచ్చానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను.

పులి రాలేదు. మా ఆవిడ వెనకబడి ఎక్కుతుంటే, వాణ్ణి పొదచాటున కూర్చోబెట్టి, చుట్ట కాల్చుకోవడానికి పోయి చోటు మరిచాను. ఇద్దరం వెతుకుతుంటే టక్ టక్‌మని చప్పుడు వినబడింది. గరిటెలు చెక్కేవాళ్లదనుకుని దాటిపోయాను.

"కొండమీద గరిటెలు చెక్కేదెవురయ్యా?" అంటూ మా ఆవిడ అటు పరుగెత్తింది. వాడు గరిటెతో బండను కొడుతున్నాడు.

"పులి వచ్చినాదని చెబుతా," అన్నాను.

"చెప్పుకో. బిడ్డ ఉండాడు గదా," అంది.

చనిపోయేదాకా ఆమె ఆ నిజం ఎవరికీ చెప్పలేదు. నిన్న మనవడు తన కొడుక్కి నా పులి కథ చెబుతుంటే కూర్చుని వినలేకపోయాను.