ముప్పై రెండు పొడవులు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఆమె ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది. ముందు గదిలో అద్దాల అలమరలు, వెలుతురు, వచ్చేపోయే జనం. వెనక గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, కళ్ళజోడు అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసే యంత్రం. ఆ యంత్రం ముందు కూర్చుంటే ఆమెకు ఆకలి దప్పులు గుర్తుండవు. పిలిస్తే పలకదు. అంత ధ్యాసగా అరగదీసి, చివరికి కుడికంటి అద్దాన్ని ఎడమవైపు బిగించేది. నెలకోసారైనా జరిగేది.

"పరాకమ్మా! ఈయనకి మెట్లన్నీ ఎగిరొస్తున్నట్టు కనిపిస్తున్నాయట" అంటూ యజమాని ఆ కళ్ళజోడు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. పెద్దాయన, మంచివాడు. తిట్టేవాడు కాదు, నిట్టూర్చేవాడు. ఆమెకు తిట్టే నయమనిపించేది.

పరాకమ్మ అనే పేరు ఆయన పెట్టింది కాదు. బడిలోనే వచ్చి అతుక్కుంది. పదమూడేళ్ళప్పుడు ఆమెను మించి పరుగెత్తే పిల్ల బడి మొత్తంలో లేదు. రిలే పందెంలో మూడో పరుగు ఆమెకిచ్చారు. తన వంతు కోసం గీత దగ్గర నిలబడింది. పక్కన ఒక మనిషి సున్నంతో మైదానం హద్దు గీస్తున్నాడు. తడి సున్నం మీదుగా ఒక కుక్క నడిచి వెళ్ళింది. అతను తిట్టుకుంటూ మళ్ళీ గీశాడు. కుక్క మళ్ళీ వచ్చింది. ఆమె అదే చూస్తూ ఉండిపోయింది. రెండో పరుగు పరుగెత్తిన పిల్ల, ఒకే బెంచీ మీద కూర్చునే ప్రాణస్నేహితురాలు, కర్ర చాచి పట్టుకుని రొప్పుతూ మూడుసార్లు అరిచింది. నాలుగో కేకకు ఈమె తిరిగి చూసేసరికి మిగతా జట్లన్నీ మలుపు దాటేశాయి.

ఆ స్నేహితురాలు మర్నాడు బెంచీ మారిపోయింది. మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాత బాస్కెట్‌బాల్ ఆడనిచ్చారు, నెల తిరక్కుండానే తీసేశారు. బాడ్మింటన్‌లో జోడీకి ఎవరూ ఒప్పుకోలేదు. "మనిషిక్కడ, మనసెక్కడో" అనేది అమ్మ. "దానికి పొగరు" అన్నారు టీచర్లు.  ఎందుకలా జరుగుతోందో ఆమెకే తెలియదు.

అమ్మానాన్నలు పోయాక ఆమెకు మిగిలింది అన్నయ్య ఒక్కడే. ఆ ఇంటికి వారానికోసారి వెళ్ళేది. మేనకోడలికి ఏడేళ్ళప్పుడు, ఒకరోజు అన్నయ్యకీ వదినకీ కుదరక, పిల్లను బడినుంచి తీసుకురమ్మన్నారు. "నాలుగింటికి. మరిచిపోవుగా?" అని వదిన రెండుసార్లు అడిగింది. మరిచిపోనంది. మూడున్నరకు ఒక కష్టమైన అద్దం యంత్రానికి ఎక్కించింది. తల ఎత్తేసరికి ఐదున్నర. పిల్ల బడి గేటు దగ్గర వానలో గంటన్నర నిలబడి ఉంది.

పిల్లకు నాలుగు రోజుల జ్వరం, అంతకుమించి ఏమీ కాలేదు. కానీ ఆ ఇంటినుంచి మళ్ళీ పిలుపు రాలేదు. ఒకటి రెండుసార్లు తనే వెళ్ళింది. తలుపు తీశారు, కూర్చోమన్నారు, మర్యాద చేశారు. సొంత అన్న ఇంట్లో మర్యాదలు మొదలయ్యాక ఇంకేం వెళ్తుంది? మానేసింది.

నలభై రెండో ఏట యజమానే ఆమెను డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరమ్మ దుకాణానికి పాత ఖాతాదారు, మానసిక వైద్యురాలు. రెండుసార్లు పిలిచి, గంటల తరబడి చిన్ననాటి సంగతులన్నీ అడిగింది. చివరికి చెప్పింది: "ఇది బద్ధకం కాదమ్మా, పొగరూ కాదు. అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అంటారు. ధ్యాస మీకు లేక కాదు, మీరు నిలబడమన్న చోట అది నిలబడదు. పుట్టుకతో వచ్చేదే. మందు ఇస్తాను, దాంతోపాటు ఒంటికి శ్రమ కూడా ఉండాలి. ఆటలేమైనా ఆడేవారా?"

"ఆడనిచ్చేవాళ్ళు కాదండీ" అంది ఆమె. ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందటి కుక్క, సున్నం గీత తలుచుకుని నలభై రెండేళ్ళ మనిషి ఏడవడం ఏమిటని సిగ్గుపడింది కూడా.

జోడీ అక్కర్లేని ఆట కాబట్టి ఈత ఎంచుకుంది. ఉదయం ఆరింటికి కొలను దగ్గరికి వెళ్ళేది. నీళ్ళలో ఎవరూ పిలవరు, పలకాల్సిన పని లేదు. కింద నల్ల గీత ఒక్కటే కనిపిస్తుంది. మనసు ఎక్కడెక్కడో తిరిగినా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. తన పరాకు వల్ల ఎవరూ వానలో తడవని చోటు ఆమెకు మొదటిసారి దొరికింది. రెండేళ్ళు గడిచేసరికి ఆగకుండా గంట ఈదగలిగేది.

"మీ ఈత భేషుగ్గా ఉంది" అన్నాడు కోచ్. "నలభై దాటిన వాళ్ళకి ఎనిమిది వందల మీటర్ల పందెం ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పొడవు అనుకుంటే, ముప్పై రెండు పొడవులు. చేరండి."

చేరింది. ఎనిమిదో పొడవు దాకా లెక్క గుర్తుంది. ఆ తర్వాత పన్నెండో, పద్నాలుగో తెలియలేదు. ఇక చాలా అయిపోయి ఉంటాయనుకుంటుండగా గంట మోగింది. గంట కొడితే ఇంకో రెండు పొడవులే మిగిలినట్టు. ఉన్న బలమంతా కూడదీసి ఆ రెండూ ఈది, గట్టెక్కి, టోపీ తీసేసింది. అది పక్క వరుసలో ముందున్న మనిషికి కొట్టిన గంట. ఈమెకు ఇంకా నాలుగు పొడవులు ఉన్నాయి. గట్టెక్కిన మనిషిని మళ్ళీ దిగనివ్వరు. గట్టు మీద ఎవరో పకపకా నవ్వారు.

"అయ్యో, ముందే చెప్పాల్సింది నేను" అన్నాడు కోచ్. "అవతలి చివర కూర్చుని, ఎన్ని మిగిలాయో అంకెల పలక నీళ్ళలోకి దించి చూపించడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. వచ్చే ఏడు మీవాళ్ళని ఎవరినైనా తెచ్చుకోండి."

మీవాళ్ళు అన్న మాటకు ఆమె తలూపింది. ఏడాదంతా ఆలోచించింది. ఫోనులో ఉన్న పేర్లు: అద్దాలు సరఫరా చేసేవాడు, ఆస్పత్రి, కొలను, ఇంటి యజమానురాలు. యజమానికి ఆదివారం కూడా దుకాణమే. పందెం ఇంకో వారం ఉందనగా అన్నయ్యకు ఫోను చేసింది. డాక్టరు చెప్పిన సంగతి అప్పటిదాకా అతనికి తెలియదు. అతను అంతా విన్నాడు.

"డాక్టరు కాగితం రాసిచ్చింది కాబట్టి ఆ రోజు పిల్ల తడవనట్టా?"

"కాదన్నయ్యా. తడిసింది. తప్పు నాదే. సాకు చెప్పడానికి ఫోను చెయ్యలేదు. లెక్కపెట్టే మనిషి కావాలి, అంతే."

"లెక్కపెట్టడానికి నేనే దొరికానా?"

"నువ్వొక్కడివే ఉన్నావు."

ఫోను పెట్టేశాడనుకుంది. "ఎన్నింటికి?" అన్నాడు.

"ఆదివారం తొమ్మిదింటికి."

"సరే. ముందు నువ్వు రా, అది చాలు."

ఆమె ఆరున్నరకే వెళ్ళి మూసి ఉన్న గేటు ముందు నిలబడింది. అతను తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా వచ్చాడు. జుట్టు నెరిసింది. పలకరింపులేమీ లేవు. కోచ్ పలక పట్టే పద్ధతి చూపిస్తే విని, వెళ్ళి అవతలి చివర గొంతుక్కూర్చున్నాడు.

మొదటి పొడవు చివర పలక నీళ్ళలోకి దిగింది: 31. మళ్ళీ వెళ్ళేసరికి 29. 17 దగ్గర ఆమె మనసు ఎటో వెళ్ళిపోయింది. 15 చూసి, ఇంతలో ఎలా తగ్గిందా అని ఆశ్చర్యపోయింది. కొంతసేపటికి గంట మోగింది. ఒళ్ళంతా అలసటతో ఇక చాలు చాలు అంటోంది. ఈ గంట నాదే అనుకుంది. చివరికి చేరేసరికి పలక మీద 5 ఉంది. అతను పలకను గట్టిగా ఊపుతున్నాడు. పలక పక్కన అన్నయ్య చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచి, ఐదు వేళ్ళూ విప్పి ఉంది. ఆమె తిరిగింది. 3. తర్వాత 1.

ఆరుగురిలో ఐదో స్థానం వచ్చింది. ఆరో ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. అయినా ముప్పై రెండూ పూర్తయ్యాయి.

గట్టెక్కేసరికి అన్నయ్య తడిసిన చొక్కా చేతులు పిండుకుంటున్నాడు. "అక్కడ ఆగిపోతావనుకున్నా" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నా. పిల్ల ఎలా ఉంది?"

అతను చొక్కా పిండుతూనే చెప్పాడు. "పదహారొచ్చాయి. బాగా పరుగెత్తుతుంది. మొన్న జట్టులోంచి తీసేశారు. ఎంత పిలిచినా పలకదట. పొగరంటున్నారు." చొక్కా వదిలేసి, ఫోను తీశాడు. "ఆ డాక్టరు నంబరు ఇవ్వు."

ఇచ్చింది. నంబరు తప్పు చెప్పానేమోనని రెండోసారి, మూడోసారి సరిచూసుకుంది. "నేను కూడా రానా? దానితో మాట్లాడితే..."

"చూద్దాంలే. మీ వదినతో మాట్లాడాలి." తలూపి, తడి చొక్కాతోనే గేటు వైపు వెళ్ళిపోయాడు. గట్టు మీద మిగతావాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని ఇంటివాళ్ళతో ఫోటోలు దిగుతున్నారు. ఒకావిడ ఫోను అందించి, "కాస్త మా అందరినీ తియ్యరూ?" అంది. ఈమె వాళ్ళకు రెండు ఫోటోలు తీసి ఇచ్చింది.

నెల తర్వాత వదిన దగ్గరినుంచి ఒక మెసేజ్ వచ్చింది. "డాక్టరుకి చూపించాం. నీకున్నదేనట." అంతకుమించి ఒక్క మాట లేదు. ఆమె యంత్రం ఆపి, బదులు రాయడానికి కూర్చుంది. అది పొగరు కాదని రాసింది, చెరిపేసింది. దాన్ని తిట్టొద్దని రాసి అదీ చెరిపేసింది. చివరికి "పరుగు మాత్రం మానిపించకండి" అని రాసి పంపింది. వదిన చూసినట్టు ఫోనులో గుర్తు కనిపించింది. బదులు వస్తుందేమోనని మధ్యాహ్నం దాకా చూసి, ఫోను సొరుగులో పెట్టి, బల్ల మీదున్న కళ్ళజోడు అందుకుంది.