మూతల మీద రాసిన రంగులు

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా ఇంట్లో నేనూ మా బాపూ మాత్రమే ఉన్నాం. తమ్ముడికి గుండెలో ఏదో లోపం ఉందని తేలడంతో అమ్మ వాణ్ని తీసుకొని హైదరాబాదు దవాఖానకు వెళ్లింది. రెండు వారాల్లో వస్తామన్న వాళ్లు రెండు నెలలైనా రాలేదు. మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు. బాపు గనిలో పనిచేసేవాడు. సెకండ్ షిఫ్టు పడిన వారాల్లో నేను బడి నుంచి వచ్చేసరికే డ్యూటీకి వెళ్లిపోయేవాడు, నేను నిద్రపోయాక వచ్చేవాడు. నన్ను నాయనమ్మ దగ్గరికి పంపిస్తానని అన్నాడు గానీ నేనే వద్దన్నాను. "నాకేం భయం, నేనుంట బాపూ" అన్నాను. అప్పుడు నేను ఆరో తరగతి. ఆయన నా తల మీద చెయ్యి వేసి తాళంచెవి ఇచ్చాడు. అంత గొప్పగా చెప్పాక, భయమవుతోందని ఇంకెవరితో చెప్పుకోను?

సాయంత్రాలు పొడుగ్గా ఉండేవి. హోంవర్కు అయిపోయేది, పొద్దున బాపు వండిపెట్టిన అన్నం తినడం అయిపోయేది, అయినా చీకటి పడేది కాదు. ఇంట్లో అలికిడి ఉండాలని కడిగిన గిన్నెలనే మళ్లీ చప్పుడు చేస్తూ కడిగేదాన్ని.

మా క్వార్టరుకూ పక్క క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. అవతల ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె కూతురికి పెళ్లై బెల్లంపల్లిలో ఉంది. ఆమె భర్త, మా పెద్దబాపు, పొద్దుటి డ్యూటీ దిగగానే ఊళ్లో పొలం చూసుకోవడానికి సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. పెద్దమ్మ జాకెట్లకూ చీరలకూ దారంతో, పూసలతో పూలూ తీగలూ కుట్టేది. వెనక వరండాకు రేకులు కట్టించి చిన్న గది చేసుకుంది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటుండదు. గోడ పొడుగునా పలకలు, వాటి మీద పాలపొడి డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, ఖాళీ మందు సీసాలు. దారం రీళ్లు, చమ్కీలు, అద్దాలు, హుక్కులు అన్నీ వాటిలోనే ఉండేవి. ఏది ఎందులో ఉందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది ఆమె కంటికి పొర కమ్మింది. చేతి అలవాటు మీద కుట్టు బాగానే సాగేది గానీ, ముదురు రంగుల్లో నీలమేదో ఆకుపచ్చేదో తేల్చుకోలేకపోయేది. అందుకని గోడ అవతలి నుంచి "పిల్లా, ఒక్కసారి రా" అని పిలిచేది. నేను వెళ్లి రంగు చెప్పేదాన్ని. చెప్పడం అర నిమిషం పని. కానీ అక్కడే కూర్చుండిపోయేదాన్ని, ఆమె కూడా పొమ్మనేది కాదు.

ఒకరోజు, వీటికి పేర్లు రాసి పెడదాం పెద్దమ్మా అని నేనే అన్నాను. ఆమె మైదా ఉడికించి జిగురు చేసింది. నేను తెల్ల కాగితం చీటీలుగా కత్తిరించి, నల్ల స్కెచ్ పెన్నుతో ఆమె కంటికి ఆనేంత పెద్ద అక్షరాలు రాశాను. పూసలను సైజుల వారీగా, దారాలను రంగుల వారీగా వేరుచేసి, ప్రతి డబ్బా మూత మీదా చీటీ అంటించాం. మూడు సాయంత్రాలు పట్టింది. అమ్మ వెళ్లాక నాకు ఆకలి తెలిసింది ఆ మూడు రోజులే. పని అయ్యాక పెద్దమ్మ ఒక్కో మూతా కళ్లకు దగ్గరగా పట్టుకొని చదువుకుని, "ఇగ నాకు ఫికర్ లేదు" అంది.

మర్నాడు బడి నుంచి వచ్చి పిలుపు కోసం కూర్చున్నాను. పిలవలేదు. ఆ తర్వాతి రోజూ పిలవలేదు. పిలవాల్సిన అవసరం లేకుండా నేనే చేశానని అప్పటికి గాని నాకు తట్టలేదు. గోడ అవతల డబ్బా మూత తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు వినిపిస్తూనే ఉండేవి.

నాలుగో రోజు పెరుగు తోడు అడిగే నెపంతో వెళ్లాను. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లగానే రేకుల గదిలో 'ముదురు నీలం' మూత తీసి 'ఆకుపచ్చ' డబ్బాకు, దాని మూత దీనికి పెట్టేశాను. గందరగోళపడి నన్ను పిలుస్తుందనుకున్నాను. కానీ ఆమెకు నా రాత మీద నమ్మకం. రంగు గురించి ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

వారం తిరగకముందే మూడో వీధి ఆమె తన బిడ్డ పెళ్లి జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. నేను మా గుమ్మంలో ఉన్నాను. పసుపుపచ్చ పట్టు మీద తీగంతా కుదురుగా వచ్చింది గానీ, ఆకులన్నీ నీలంగా ఉన్నాయి.

"ఆకులు నీలమేంది అక్కా? కండ్లు కనబడనప్పుడు పని పట్టుకోవద్దు" అని ఆమె జాకెట్టు అరుగు మీదే వదిలి వెళ్లిపోయింది.

పెద్దమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఎవరి మీదా కోపం చూపలేదు. లోపలికి వెళ్లి పలకల మీది డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా దించి గోనెసంచిలో వేయడం మొదలుపెట్టింది. నేను వెనకే వెళ్లి ఏం చేస్తున్నావని అడిగాను.

"చాలు బిడ్డా. చీటీలు పెట్టుకున్నా గిట్లనే అయితే ఇగ నాతోని కాదు. బెల్లంపల్లికి పంపుత, మా బిడ్డకన్న పనికొస్తయ్."

పారిపోయి తలుపేసుకుందామనిపించింది. కానీ ఆ సంచి నిండుతుంటే చూడలేకపోయాను.

"పెద్దమ్మా, మూతలు నేనే మార్చిన."

ఆమె చేతిలో డబ్బా అలాగే ఆగిపోయింది. ఎందుకని అడిగింది. "నువ్వు పిలుస్తలేవు" అన్నాను.

ఆమె తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. సంచి పక్కకు నెట్టి, చాప మీద జాకెట్టు పరిచి, చిన్న కత్తెర నా చేతికిచ్చి, "కూసో. పోగులు తియ్యి, పట్టు చినగొద్దు" అంది. ఎదురుగా తానూ కూర్చుంది. నీలం పోగులు ఒక్కొక్కటే తీస్తుంటే నా కళ్లు మసకబారాయి.

ఒక ఆకు పూర్తయ్యాక ఆమె తలెత్తకుండానే మాట్లాడింది. "రంగు చెప్పనీకి ఈ గల్లీల మనుషులే లేరా? నువ్వొస్తే ఇంట్ల మాట వినబడుతదని పిలిచిన. పని లేంది ఊకె ఎట్ల పిలుస్తం, సదువుకునే పిల్లాయె అని ఆగిన. నువ్వేమో అట్ల చేసినవ్." నా చేతి కింద పట్టు సరిచేసి, "ఒక్కదాన్నే ఉండబుద్ధి అయితలేదు అంటే అయిపోయేది గదనే. నేనన్న అనకపోతి, నువ్వన్న అనకపోతివి" అంది.

అంతటితో వదల్లేదు. "నా కండ్ల మీద మాట వచ్చింది. అది నువ్వే తియ్యాలె" అని వెంట పెట్టుకొని మూడో వీధికి తీసుకెళ్లింది. జాకెట్టు వదిలి వెళ్లినామె గుమ్మంలో నిలబడి మూతలు మార్చింది నేనేనని చెప్పాను. ఆమె నన్నూ పెద్దమ్మనూ మార్చి మార్చి చూసి, "జల్ది ఇస్తరా మరి?" అని మాత్రం అడిగింది. పెళ్లికి ముందు రోజు ఇచ్చాం. ఆకుపచ్చ దారం ప్రతిసారీ నేనే సూదికి ఎక్కించాను.

ఆ సంగతంతా పెద్దమ్మే బాపుకు చెప్పిందట. ఆయన నన్నేమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి డ్యూటీకి వెళ్లేముందు తాళంచెవి పెద్దమ్మకు ఇచ్చి వెళ్లేవాడు. వానలు వెనకబట్టాక అమ్మ తమ్ముణ్ని తీసుకొని వచ్చింది. వాడు చిక్కిపోయాడు, కానీ నవ్వుతున్నాడు. కొన్నేళ్లకు పెద్దబాపు రిటైరై వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది పెద్దమ్మ పోయిందని ఎవరో చెప్పగా తెలిసింది. చివరిచూపు నాకు దక్కలేదు.

ఇప్పుడు నేనుండే ఊళ్లో మా అంతస్తులో నాలుగు తలుపులు, నాలుగూ మూసే ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేని సాయంత్రాలు నాకు ఇప్పటికీ పొడుగ్గానే ఉంటాయి. అలాంటప్పుడు పక్కింటి బెల్లు కొడతాను. ఏదైనా కావాలా అని ఆ అమ్మాయి అడుగుతుంది. ఏమీ వద్దమ్మా, ఒక్కదాన్నే ఉండలేక వచ్చాను అంటాను. అనేముందు ప్రతిసారీ పెరుగు తోడు కోసం వచ్చానని చెప్పేద్దామనిపిస్తుంది. అయినా ఆ మాటే అంటాను.