మూటలకు ఊర్లు కట్టిన మా యారాలు

మా పెద్ద యారాలు పోయింది. పొద్దుటి రైలుబండి దిగి వచ్చిన, ఆమె ఉండే వికారాబాదు మనిషి తాండూరులో మా గడప దగ్గరే నిలబడి ఆ మాట చెప్పాడు. యారాలంటే మా ఆయన అన్న భార్య, నాకు తోడికోడలు. ఏడుస్తూనే, ఆమె కోసం ఎంతమంది వచ్చి ఉంటారో అనుకున్నాను. నేను పోతే అంతమంది రారు. చదివేవారు ఏమనుకున్నా సరే, ఆమె మీద నాకు కుళ్ళు. ఇప్పటికీ ఉంది.

మాది గొర్లకాపరుల ఇల్లు. పెళ్ళికైనా చావుకైనా చుట్టాలందరూ నల్ల గొంగడిలోనే మూట కట్టుకుని వస్తారు. అన్నీ ఒక గదిలో పడేస్తే ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. ఎవరింట్లో కార్యమైనా ఆ గది తాళంచెవి మొదట్లో నా కొంగున ఉండేది. ముడి చూసి, ఎత్తి బరువు చూసి, ఇది కుల్కచర్ల అత్తది, ఇది బంట్వారం మామది అని నేనే అందించేదాన్ని. అప్పుడప్పుడు ఒకటీ అరా తారుమారయ్యేవి. అదంత పెద్ద తప్పా?

ఇంతలో మా బావకు బేగంపేటలో విమానాల దగ్గర సామాను మోసే కొలువు దొరికింది. వికారాబాదు నుంచి రోజూ బండిలో పోయి వచ్చేవాడు. అక్కడ ప్రతి పెట్టెకూ చీటీ కడతారట, దాని మీద ఊరికి మూడే అక్షరాలట. హైదరాబాదుకు హెచ్ వై డి, బొంబాయికి బి ఓ ఎం. ఏ దేశంలో చూసినా ఆ మూడక్షరాలంటే ఆ ఊరే. మొగుడు చెప్పిన ముచ్చట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం మేమంతా. ఈమె మాత్రం ఆ ఇంగ్లీషు అక్షరాలు ఆయన దగ్గరే దిద్దుకుంది. మా చుట్టాల ఊర్లకు తనే తలా మూడక్షరాలు పెట్టి, గుడ్డపీలికల మీద తెల్లదారంతో కుట్టి, ఎవరి గొంగడి మూలకు వాళ్ళ ఊరి పీలిక ఊడకుండా కట్టింది.

"గీ అక్షరాలు మనోళ్ళు ఎవరు చదువుతరక్కా?" అన్నాను.

"చదువుడెందుకు చెల్లె? గొర్లకు రంగేసి గుర్తువడ్తలేమా? గిది గూడ గట్లనే."

ఆ ఏడే తాళంచెవి ఆమె కొంగుకు పోయింది. నా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేదు. జనమే మూటలు పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికి పోవడం మొదలుపెట్టారు.

నా బిడ్డ పెళ్ళిలో మాత్రం నేను ఊరుకోలేదు. పరిగి వాళ్ళకిచ్చాం. అప్పగింతల వేళ చూస్తే దాని పెట్టెకు పరిగి పీలిక కట్టి ఉంది. ఒళ్ళు మండింది.

"నా బిడ్డది తాండూరు. గీడ పుట్టింది, గీడ పెరిగింది. పరిగి అని ఎట్ల కడ్తవ్?"

"సామాను యాడికి పోతదో గా ఊరే కట్టాలె చెల్లె. యాడికెల్లి వచ్చిందో ఎవలకు పని?"

పీలిక తెంపబోయాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యవే అమ్మా. పెద్దమ్మ చెప్పింది నిజమే గద" అంది. నా కడుపున పుట్టి ఆమె పక్క నిలబడింది. పెట్టె ఏ తికమకా లేకుండా పరిగి చేరింది కూడా.

మనిషి మంచిది. నాకు జ్వరమొస్తే వికారాబాదు నుంచి వచ్చి తల దువ్వి, జొన్న గట్క తినిపించేది. "జర తిను చెల్లె, ఫికర్ జెయ్యకు" అనేది. ఆ రుణం తీరేది కాదు. అంత మంచిది కాకపోయి ఉంటే నాకింత కుళ్ళు పుట్టేది కాదేమో.

వికారాబాదులో దినాలయ్యాక అందరూ బయలుదేరే వేళ మూటలన్నీ గదిలో కుప్పగా ఉన్నాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బావ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వే సూసుకోవాలె" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే. పీలికలు చూసి ఏ ఊరి మూట ఆ ఊరి వాళ్ళకే అందించాను. ఒక్కటీ తప్పలేదు.

ఆమె అందిస్తే భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు. ఆ రోజు మాత్రం అందరూ వాకిట్లో గొంతుక్కూర్చుని, ముళ్ళు విప్పి లోపల చూసుకున్నారు. నా బిడ్డ కూడా విప్పింది.