తీగ మీద వేళ్ళ రాపిడి

పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది నాగరత్నమ్మ. భర్త రామచంద్ర మగ్గం గుంతలోకి దిగుతూ క్యాసెట్ వేసేవాడు. ఇప్పుడు నీళ్ళు చల్లుతుంది, కాఫీ పెట్టుకుంటుంది, అంతే. ఆయన పోయాక ధర్మవరంలోని ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు. టేప్ రికార్డర్ మీద కప్పిన తువ్వాలు తీయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. వేస్తే పాతబడిన టేపు తెగిపోతుందేమోనని భయం.

ఆ క్యాసెట్ ఒక స్పెయిన్ దేశపు ఆమె ఇచ్చింది. పుట్టపర్తికి వచ్చి, అక్కడి నుంచి చీర కొనడానికి వీళ్ళింటికి వచ్చింది. రామచంద్ర నేస్తుంటే పూటంతా గుంత పక్కనే కూర్చుండిపోయి, పోతూ సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. అందులో పాడేవాళ్ళు లేరు. ఒకడే మనిషి, ఒకటే గిటారు.

"ఇదేం పాట, పాడేవాళ్ళు అలిగి పోయినారా?" అని మొదట్లో నాగరత్నమ్మ ఎగతాళి చేసేది.

"పాట కాదే, వేళ్ళను విను. తీగ మీద జారేటప్పుడు రాసుకుంటాండాయి చూడు. వీనివీ మన మాదిరి కాయలు కాసిన వేళ్ళే," అనేవాడు రామచంద్ర.

వినగా వినగా ఆమెకూ పట్టుబడింది. కింద లావు తీగ మగ్గం తొక్కినట్టు నిదానంగా నడుస్తుంటే, పైన సన్న తీగలు అంచుకు జరీ ఎక్కినట్టు మెరిసేవి. ఆ రెంటి నడుమ గరుకుగా ఒక రాపిడి. రామచంద్ర వేళ్ళకు పట్టుపోగు తగులుకున్నప్పుడు అచ్చం అట్లాగే వినిపించేది.

"ఊరికే పెడితే బూజు పడతాది మా. హిందూపురంలో ఫోన్లోకి ఎక్కించే ఆయన ఉండాడు," అని పెనుకొండలో ఉండే కూతురు లక్ష్మీప్రియ పోరు పెట్టింది. చివరికి నాగరత్నమ్మ క్యాసెట్‌ను కొంగులో చుట్టుకుని బస్సెక్కింది. పక్కన ఒకతను పెద్ద స్పీకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అయస్కాంతం తగిలితే టేపు చెడిపోతుందని ఎప్పుడో విన్నది. లేచి, పెనుకొండలో లక్ష్మీప్రియ ఎక్కేదాకా నిలబడే వచ్చింది.

హిందూపురంలో సాయినాథ్ పెళ్ళి క్యాసెట్లను ఫోన్లలోకి ఎక్కిస్తుంటాడు. ఈ క్యాసెట్ వేయగానే అది కీచుమని మూలిగి ఆగింది. తీసి చూస్తే టేపు రెండు ముక్కలు. అతను సన్న పట్టీతో అతికించి, మళ్ళీ తిప్పి, అంతా ఎక్కించాక వినిపించాడు.

"ఎట్లుండాది పెద్దమ్మా? ఎక్కించేటప్పుడే గరగర తీసేసినా."

గిటారు నీళ్ళలో కడిగినట్టుంది. ఆమె రాపిడి కోసం కాచుకుంది. రాలేదు.

"వేళ్ళు యాడికి పోయినాయి?"

"ఏం వేళ్ళు?" అన్నాడతను. లక్ష్మీప్రియ విడమరిచి చెప్పింది.

"అందరూ తీయమనే అడుగుతారు పెద్దమ్మా. అది కావాల్నంటే మళ్ళీ మొదట్నుంచి తిప్పాల. అతుకు ఊడి టేపు నలిగిందంటే, ఇంక నా చేతిలో ఏమీ ఉండదు."

"వద్దులే మా. గిటారన్నా దక్కింది కదా," అంది లక్ష్మీప్రియ.

ఆయన చెయ్యి పట్టుకుంటే ఎట్లుండేదో మరిచిపోతున్నానేమోనని కొన్నాళ్ళుగా నాగరత్నమ్మకు గుబులు. అది కూతురికి కూడా చెప్పలేదు.

"తిప్పు నాయనా," అంది.

చక్రాలు తిరిగాయి. అతుకు దగ్గర టక్కుమంది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. టేపు దాటింది. కాసేపటికి లావు తీగ మీద నుంచి వేళ్ళు జారాయి, గరుకుగా. ఆమె కళ్ళు మూసుకుంది కానీ పట్టు వదల్లేదు. ఇంకా బోలెడు టేపు మిగిలి ఉంది. అది ఆఖరు దాకా తిరిగి, ఫోన్లో మళ్ళీ విని చూసుకున్నాకే కుర్చీలో కూర్చుంది.

"ఇంకోసారి మిషన్లో తిప్పితే అతుకు నిలవదు. ఇంటికి పోయి పెన్సిలు పెట్టి వెనక్కి చుట్టి పెట్టు పెద్దమ్మా. ఇట్లే వదిలేస్తే వదులై పాడైపోతాది," అని సాయినాథ్ క్యాసెట్ ఇచ్చాడు.

ఇంట్లో క్యాసెట్ చక్రంలోకి పెన్సిలు దూర్చింది. అతుకు ఏ చుట్టులో ఉందో పైకి కనబడటం లేదు. ఒక్క తిప్పు తిప్పి ఆగింది. పెన్సిలు బయటికి లాగేసింది.

"చుట్టినావా మా?" సాయంత్రం లక్ష్మీప్రియ ఫోను.

"లేదు."

"పాడవుతాదని చెప్పినాడు కదా."

"దానంతట అది పాడైతే కానీలే. నా చేత్తో తెంపను."

క్యాసెట్‌ను అట్లాగే డబ్బాలో పెట్టి మూత వేసింది.